కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: షోరూమా, ఆన్‌లైనా, ఏజెంటా?

"ఆన్‌లైన్‌లో ఏడున్నర వేలకే వస్తోంది, షోరూమ్ వాళ్లేమో పంతొమ్మిది వేలు కట్టమంటున్నారు. ఏది తీసుకోమంటారు?" ఈ రెండు నెలల్లో నలుగురు ఇదే అడిగారు. అందరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే సరిపోతుందనిపించింది. పైగా మొన్ననే నా కారుకీ రెన్యువల్ వచ్చింది, అదే తేడా నాకూ ఎదురైంది. ఆ కాగితాలు ముందు పెట్టుకునే రాస్తున్నాను. కింద అంకెలన్నీ నా కారువి. మీకు వచ్చేవి వేరుగా ఉంటాయి కానీ లెక్క చేసే తీరు ఒక్కటే.

నాది 1200 సీసీ పెట్రోల్ బండి. కొని నాలుగేళ్లు దాటింది, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా లేదు. షోరూమ్ నుంచి వచ్చిన మెసేజ్‌లో ప్రీమియం 18,881 రూపాయలు. ఆన్‌లైన్‌లో ధరలు పోల్చి చూపే సైటులో అన్నిటికన్నా పైన కనిపించింది 7,665. సగం కూడా కాదు. చాలామంది ఇక్కడే ఎగిరి గంతేసి డబ్బు కట్టేస్తారు.

కట్టే ముందు బిల్లును రెండు ముక్కలు చేసి చూడండి. మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ముక్కలో బేరం లేదు. ఆ రేటు ప్రభుత్వం నిర్ణయించింది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ప్రైవేటు కార్లకు ఏడాదికి 1000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. నాకు 3,416 పడింది. ఏ కంపెనీకి వెళ్లినా, ఎవరి ద్వారా వెళ్లినా అంతే. మన కారుకు జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మాత్రం 2007 నుంచి కంపెనీల ఇష్టం. కాబట్టి పదకొండు వేల తేడా అంతా ఈ రెండో ముక్కలోనే ఎక్కడో దాగి ఉండాలి.

నా కేసులో అది మూడు చోట్ల దొరికింది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఐడీవీ.

ఐడీవీ అంటే కారు దొంగల పాలైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ మనకిచ్చే మొత్తం అని అందరికీ తెలుసు. రెన్యువల్ రోజు మాత్రం ఎవరూ దాని వంక చూడరు. ఆ మోడల్ ఇప్పటి షోరూమ్ ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీసేస్తే వచ్చేదే ఈ విలువ. రెండేళ్లు దాటితే 30 శాతం, మూడేళ్లు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తరుగు. నా మోడల్ ధర ఇప్పుడు పది లక్షలు, కాబట్టి నాకు రావాల్సిన ఐడీవీ ఐదు లక్షలు. షోరూమ్ నోటీసులో అంతే ఉంది. ఆన్‌లైన్‌లో 7,665 పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది 3,80,000. ధర తక్కువ కనపడాలని సైటు దానంతట అదే అన్నిటికన్నా తక్కువ ఐడీవీ పెట్టి చూపించింది. మనం మార్చుకోవచ్చు, కానీ ఆ మీట నొక్కేవాళ్లు ఎందరు?

"కారు పోతేనే కదా ఆ లెక్క, మనదేం పోదులే" అని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. అక్కడే పొరపాటు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కంపెనీ ఆ బండిని పూర్తి నష్టం కింద లెక్కేస్తుంది. ఐదు లక్షల ఐడీవీ ఉంటే ఆ గీత 3,75,000 దగ్గర ఉంటుంది. 3,80,000 పెట్టుకుంటే 2,85,000కే వచ్చేస్తుంది. రేపు ఒక పెద్ద యాక్సిడెంట్‌లో మూడు లక్షల రిపేరు పడిందనుకోండి. మొదటి పాలసీ ఉన్నవాడి కారు బాగై ఇంటికొస్తుంది. రెండో పాలసీ ఉన్నవాడి చేతికి 3,80,000 రూపాయల్లోంచి కోతలు పోగా మిగిలింది వస్తుంది, కారు రాదు. ఆ డబ్బుకు అలాంటి కారు బయట దొరకదు కూడా. నాకు ఐడీవీని 3.8 నుంచి 5 లక్షలకు పెంచితే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 5,600 నుంచి 7,370 అయింది. క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు పోను, పన్ను కలిపి చూస్తే సుమారు 1,150 రూపాయలు అదనం. లక్షా ఇరవై వేల రక్షణకు ఇది ఖరీదు కాదు.

బండికి ఐదేళ్లు దాటితే ఈ తరుగు పట్టిక ఉండదు. ఐడీవీ మనమూ కంపెనీ మాట్లాడుకుని పెట్టుకోవాలి. అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అదే మోడల్, అదే ఏడాది బండి సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు పోతోందో చూసి, దానికి దగ్గరగా అడగండి.

రెండోది ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఇదే. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదో ఏడాదికి 50. నాలుగేళ్లు క్లెయిమ్ లేని నాకు 45 రావాలి. షోరూమ్ నోటీసులో 35 అని ఉంది. పోయిన ఏడాది అంకెనే మళ్లీ దించేశారు. అడిగితే "సిస్టమ్‌లో అలా వచ్చింది సార్" అన్నారు. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం వాళ్ల లెక్కలో 10,400 కాబట్టి ఆ సిస్టమ్ తప్పు ఖరీదు పన్నుతో కలిపి 1,227 రూపాయలు. ఆన్‌లైన్‌లో దీనికి రివర్స్‌లో తప్పు జరుగుతుంది. సైటు అడిగేది పాత పాలసీలో ఉన్న శాతం. మనం కొత్త శాతం కొట్టేస్తే ఇంకో మెట్టు పైకి పోయి ధర తగ్గుతుంది. సంబరపడకండి, క్లెయిమ్ వేసిన రోజు పాత కంపెనీని అడిగి ఇది బయటపెడతారు. నిరుడు క్లెయిమ్ చేసి "లేదు" అని నొక్కడం కూడా అంతే.

మూడోది అదనపు కవర్లు. షోరూమ్ నోటీసులో ఆరు ఉన్నాయి: జీరో డెప్, ఇంజిన్, కన్స్యూమబుల్స్ (రిపేరులో వాడే ఆయిల్, నట్లు, బోల్టుల్లాంటివి), టైర్లు, తాళంచెవి, కారులో వస్తువులు. పాలసీ ఎవరి దగ్గర తీసుకున్నా నేను మొదటి మూడే ఉంచుకుంటాను. జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మనమే పెట్టుకోవాలి. నాలుగేళ్లు దాటిన బండికి లోహపు భాగాల్లో 35 శాతం కూడా. ఇప్పటి కార్ల ముందు భాగం సగం ప్లాస్టిక్కే. చిన్నగా గుద్దినా బంపర్, గ్రిల్, లైట్లు కలిపి బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. తాళంచెవి, టైర్లు, వస్తువులు తీసేస్తే పన్నుతో కలిపి 2,006 రూపాయలు తగ్గింది. ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా కింద 375 వేశారు. నాకు విడిగా 15 లక్షలు దాటిన వ్యక్తిగత ప్రమాద పాలసీ ఉంది. అది ఉంటే ఇక్కడ మళ్లీ కట్టక్కర్లేదు. ఆ మాట మనమే చెప్పాలి, వాళ్లు అడగరు.

ఇప్పుడు రెండు వైపులా ఒకటే చేసి చూశాను. ఐడీవీ ఐదు లక్షలు, ఎన్‌సీబీ 45 శాతం, అవే మూడు కవర్లు. షోరూమ్ 18,881 నుంచి 15,205కి దిగింది. ఆన్‌లైన్ 7,665 నుంచి 12,178కి ఎక్కింది. పదకొండు వేల తేడా మూడు వేలకు వచ్చింది. నిజంగా పోల్చాల్సింది ఈ మూడు వేలనే.

షోరూమ్ గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. కారు కొత్తదైతే, ఎలాగూ సర్వీసు అక్కడే చేయిస్తుంటే, దెబ్బ తగిలినప్పుడు తాళాలు ఇచ్చి వచ్చేస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు. ఆ సుఖానికి విలువ ఉంది. కానీ "మా దగ్గర పాలసీ తీసుకోకపోతే క్యాష్‌లెస్ రాదు సార్" అన్న మాట నమ్మకండి. క్యాష్‌లెస్ అంటే రిపేరు బిల్లులో కంపెనీ వాటాను కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకి కట్టడం. ఆ కంపెనీకీ ఆ వర్క్‌షాపుకీ ఒప్పందం ఉంటే చాలు, పాలసీ ఎక్కడ కొన్నా క్యాష్‌లెస్ వస్తుంది. డబ్బు కట్టకముందే కంపెనీ గ్యారేజీల జాబితాలో మీ సర్వీస్ సెంటర్ పేరు ఉందో లేదో చూసుకోండి. నేను ఆన్‌లైన్ కొటేషన్ ఫోన్లో చూపించేసరికి షోరూమ్ వాళ్లే 13,400కి వచ్చారు. ఆ తగ్గింపు ముందే ఎందుకివ్వలేదని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఆన్‌లైన్‌లో ధర బాగుంటుంది, పాలసీ ఐదు నిమిషాల్లో చేతికొస్తుంది. పోల్చే సైటులో నంబరు ఇచ్చాక వారం రోజులు ఫోన్లు మోగుతూనే ఉంటాయి, అదొక టెన్షన్. నచ్చిన కంపెనీ ఏదో తేల్చుకుని నేరుగా దాని సొంత సైటులో కూడా చూడండి. కొన్నిసార్లు అక్కడ ఇంకో రెండు మూడు వందలు తక్కువ కనపడుతుంది, కొన్నిసార్లు ఎక్కువ కూడా.

ఇక ఏజెంటు. నేను చివరికి ఇక్కడే తీసుకున్నాను, 12,550కి. ఆన్‌లైన్ కన్నా 372 ఎక్కువ. ఎందుకంటే, కిందటేడు వానల్లో మా బావమరిది కారు అండర్‌పాస్ నీళ్లలో ఆగిపోయింది. రాత్రి పదిన్నర. హెల్ప్‌లైన్‌లో పాట వింటూ కూర్చున్నాడు. నేను మా ఏజెంటుకి ఫోన్ చేస్తే ఆయన మొదట అన్న మాట, "స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ఒక్కసారి కూడా వద్దు. తోసి పక్కన పెట్టమనండి." నీళ్లు తాగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే మామూలు పాలసీలో ఆ నష్టం ఇవ్వరు. ఆ సంగతి ఆ గడియలో మా ఇద్దరికీ తట్టలేదు. అప్పటికే ఒకసారి తాళం తిప్పబోయి ఆగాడట. బావమరిది పాలసీ ఆయన దగ్గర కొన్నది కూడా కాదు.

అందరు ఏజెంట్లూ ఇలాగే ఉంటారని అనను. పాలసీ కట్టించుకుని మళ్లీ ఏడాదికి కనిపించేవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లకు 372 కాదు కదా, ఇరవై రూపాయలు కూడా ఎక్కువివ్వక్కర్లేదు, ఆన్‌లైనే మేలు. తేల్చుకోవడానికి సులువైన దారి, మీకు తెలిసినవాళ్లలో ఆయన ద్వారా క్లెయిమ్ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోవడం. ఇంకోటి, ఏజెంటును "మీ కమిషన్‌లోంచి కొంత వెనక్కివ్వండి" అని అడగకండి. 1938 నాటి బీమా చట్టం సెక్షన్ 41 ప్రకారం అది నేరం, ఇచ్చినవాళ్లకే కాదు తీసుకున్నవాళ్లకు కూడా. అడగాల్సింది కంపెనీ నుంచి ఓన్ డ్యామేజ్‌పై ఇంకాస్త డిస్కౌంట్ తెప్పించమని. ఆన్‌లైన్ కొటేషన్ చేతిలో ఉంటే అది వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. బండి తక్కువ తిరిగితే తక్కువ కట్టే పాలసీలు 2022 నుంచి వచ్చాయి. వారానికోసారి బయటికి తీసేవాళ్లు చూడొచ్చు. ఒట్టి థర్డ్ పార్టీ అనేది పదిహేనేళ్ల పాత బండికి తప్ప నాకు నచ్చదు. కారు 2018 సెప్టెంబర్ తర్వాత కొత్తగా కొన్నదైతే థర్డ్ పార్టీ మూడేళ్లకు ముందే కట్టేసి ఉంటారు. ఆ మూడేళ్లూ ఓన్ డ్యామేజ్ ఒక్కటే రెన్యువల్ చేయాలి, పొరపాటున మొత్తం ప్యాకేజీ కొంటే ఒకదానికి రెండుసార్లు కట్టినట్టే. బేరాల్లో పడి గడువు మాత్రం దాటనివ్వకండి. ఒక్కరోజు దాటినా బండి ఇన్‌స్పెక్షన్ అంటారు, 90 రోజులు దాటితే ఇన్నేళ్ల ఎన్‌సీబీ మొత్తం పోతుంది. నెల ముందే మొదలుపెడితే తీరిగ్గా నాలుగు చోట్ల అడగొచ్చు.

పాలసీ వచ్చాక ఒకసారి తెరిచి చదవండి. నాదాంట్లో ఐడీవీ, ఎన్‌సీబీ సరిగ్గానే ఉన్నాయి కానీ, లోన్ తీరి ఆర్‌సీలోంచి కూడా తీయించి ఏడాదైన బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది. పూర్తి నష్టం క్లెయిమ్ వస్తే ఆ డబ్బు దగ్గర మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఏజెంటుకి కొత్త ఆర్‌సీ ఫొటో పంపాను, రెండో రోజుకి సరిచేసిన కాపీ వచ్చింది.