సలమాంకాలో నాలుగు వారాల స్పానిష్ కోర్సు

స్పెయిన్‌లో ఒక నెల ఉండి స్పానిష్ నేర్చుకోవాలనుకున్నప్పుడు నేను మాడ్రిడ్‌ను కాదని సలమాంకాను ఎంచుకున్నాను. మాడ్రిడ్‌కు పశ్చిమాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, తోర్మెస్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు పాత వీధులన్నీ కాలినడకన తిరగగలిగినంత చిన్నది. 1218లో స్థాపించిన విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగినది కావడంతో ఎటు చూసినా విద్యార్థులే కనిపిస్తారు. భాషాపండితుడు నెబ్రిహా రాసిన మొట్టమొదటి కాస్తీయన్ (అంటే స్పానిష్) వ్యాకరణం 1492లో అచ్చయింది కూడా ఇక్కడే. గత మార్చిలో ఇక్కడి ఒక ప్రైవేటు భాషా పాఠశాలలో కోర్సు పూర్తి చేశాను. చేరాలనుకునేవారికి పాఠశాల పేరు కంటే బోధన పద్ధతి తెలియడమే ఎక్కువ ఉపయోగం కాబట్టి ఆ పద్ధతి గురించే రాస్తున్నాను.

ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు తరగతి, అందులో సగం వ్యాకరణం, సగం సంభాషణ. మొదటి రోజు నుంచీ స్పానిష్ తప్ప మరో భాష వినిపించదు. తెలుగు మాట్లాడేవారికి ఈ భాష అనుకున్నంత కష్టం కాదని వారం తిరక్కముందే తెలిసింది. ‘మె గుస్తా’ అన్న వాక్యానికి ఇంగ్లీషు మీదుగా అర్థం చెప్పుకోబోయిన తోటి విద్యార్థులు తికమకపడుతుంటే, నాకది ‘నాకు నచ్చింది’ అన్నంత సూటిగా తోచింది, ఎందుకంటే రెండు భాషల్లోనూ నచ్చిన వస్తువే కర్త. తల నొప్పి పెట్టడం కూడా అంతే: ‘మె దుయేలె లా కబేథా’ అన్నా బాధ ‘నాకు’ కలుగుతుంది. ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే ‘కుక్క’. కర, కర్ర అని తేడాగా పలకడానికి అలవాటుపడిన నాలుకకు ఆ రెండూ ఇబ్బంది కలిగించవు. చిక్కంతా సేర్, ఎస్తార్ అనే రెండు క్రియల దగ్గరే వస్తుంది. తెలుగులో ఒక్క ‘ఉండు’తోనూ, అసలు క్రియే లేకుండానూ గడిచిపోయే చోట స్పానిష్‌లో ప్రతిసారీ ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిందే.

ఆ చిక్కు విడిపోయింది తరగతి గదిలో కాదు, రెండో వారం మంగళవారం మధ్యాహ్నం విశ్వవిద్యాలయం పాత ముఖద్వారం ఎదుట. ఆ రాతి గోడ నిండా లతలు, పతకాలు, రాజచిహ్నాలు కిక్కిరిసి చెక్కి ఉంటాయి. కుడివైపు స్తంభం మీద ఉన్న పుర్రె నెత్తిన చిన్న కప్ప కూర్చుని ఉంటుంది. ఎవరి సాయం లేకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్షల్లో గట్టెక్కుతాడని ఊరివారి నమ్మకం. మా ఉపాధ్యాయురాలు ఒకే ఒక్క నియమం పెట్టారు: కనిపించినవారు వేలు చూపించకూడదు, మాటలతోనే పక్కవారికి చూపించాలి. మీద, కింద, పక్కన, ఎడమకు, ఇంకొంచెం పైకి అంటూ పదకొండు మందిమి మెడలు నొప్పి పుట్టేదాకా ఆ గోడతో పెనుగులాడాం. చివరికి నా పక్కనున్న కొరియా అమ్మాయి ‘లా రానా ఎస్తా ఎన్‌థిమా దె లా కలావేరా’ (కప్ప పుర్రె మీద ఉంది) అని ఒక్కో పదం కూడబలుక్కుంటూ చెప్పింది. అప్పుడే నా కంటికీ అది ఆనింది. స్థానం చెప్పేటప్పుడు ఎస్తార్ రావాలన్న సూత్రాన్ని ఆ రోజు తరువాత నేను మళ్లీ పుస్తకంలో వెతుక్కోలేదు.

ఈ పాఠశాలలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. ఉదయం చెప్పిన పాఠానికి పని పడే చోటికే మధ్యాహ్నం తీసుకువెళతారు. భూతకాలం నేర్పిన రోజున కొత్త కేథడ్రల్ దగ్గర, 1992లో మరమ్మతులు జరిగినప్పుడు ద్వారం పక్కన చెక్కిన వ్యోమగామి బొమ్మ చూపించి, అది అక్కడికెలా వచ్చిందో మా చేత కథగా చెప్పించారు. సాయంత్రాలు ప్లాసా మయోర్‌లో గడిచేవి. 1755లో పూర్తయిన ఆ చౌకులో ఎవరిని కలవాలన్నా ‘గడియారం కింద’ అనుకుంటే చాలు. పొద్దువాలే వేళకు అక్కడి ఇసుకరాయి బంగారు రంగుకు తిరుగుతుంది.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు. తరగతికి ఎనిమిది మంది అని చెప్పి పదకొండు మందిని కూర్చోబెట్టారు. ప్రతి సోమవారం కొత్తవారు వచ్చి చేరడంతో ఆ రోజు పాఠం వెనక్కి నడిచేది. విడిగా రుసుము తీసుకున్న సెగోవియా యాత్ర నన్ను నిజంగా బాధపెట్టింది. సున్నం లేకుండా రాళ్లు పేర్చి రోమన్లు కట్టిన జలసేతువు ముందు నిలబెట్టి, గైడు మొత్తం ఇంగ్లీషులో వివరించారు. స్పానిష్ వినడానికి వచ్చిన మాకు ఆ రోజంతా ఒక్క కొత్త మాట దక్కలేదు. తరువాతి వారం మేము నలుగురం మామూలు బస్సు ఎక్కి ఆవిలా కోట గోడలు చూసివచ్చాం. దారి అడగడం, టికెట్లు కొనడం, భోజనం చెప్పడం అన్నీ మేమే చేసుకున్నాం కాబట్టి అక్కడ నేర్చుకున్నదే ఎక్కువ.

బసకు హాస్టల్ కంటే స్థానిక కుటుంబం ఇల్లే మంచిది. మధ్యాహ్న భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు కావడం మొదట్లో కష్టమనిపించినా, ఆ బల్ల దగ్గర కూర్చున్న గంటసేపూ మా ఇంటావిడ నా తప్పులను ఓపికగా దిద్దేవారు.

రెండు వారాలకే వెళ్లే ఆలోచన ఉంటే ఈ కోర్సు వద్దని చెబుతాను. చెవి అలవాటుపడేది మూడో వారంలోనే. చివర ఇచ్చే కాగితం హాజరు పత్రం మాత్రమే. స్పెయిన్ ప్రభుత్వానికి చెందిన సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డేలె అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్ష కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి. డబ్బు కట్టే ముందు పాఠశాలకు లేఖ రాసి, మధ్యాహ్నపు నడకల్లో మీ తరగతి ఉపాధ్యాయులే వెంట వస్తారా, వారాంతపు యాత్రల్లో గైడు ఏ భాషలో మాట్లాడతారు అని తప్పక అడగండి. యాత్రలకు విడిగా డబ్బు కట్టమంటే కట్టకండి, వారం చివర బస్టాండుకు నడిచి వెళ్లండి.