షేర్డ్ లైబ్రరీలకు ఏపీటీనా, కంటైనర్ ఇమేజా, కోనన్ లాక్‌ఫైలా: ఏది మేలు?

చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయల్ని కెమెరాతో గ్రేడ్ చేసే ప్రోగ్రాం ఉందనుకుందాం. సీ ప్లస్ ప్లస్‌లో రాసింది. బొమ్మలు చదవడానికి ఓపెన్‌సీవీ, ఎన్‌క్రిప్షన్‌కి ఓపెన్‌ఎస్ఎస్ఎల్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్ క్లయింట్ అనే షేర్డ్ లైబ్రరీలు (ప్రోగ్రాంలో కలవకుండా, అది నడిచేటప్పుడు విడిగా లోడ్ అయ్యే కోడ్ ఫైళ్లు) దానికి కావాలి. కోడ్ రాసేది తిరుపతిలో, బిల్డ్ అయ్యేది గిట్‌హబ్ వాళ్ల క్లౌడ్ బిల్డ్ సర్వీసు యాక్షన్స్‌లో, నడవాల్సింది ఫ్యాక్టరీలో ఉబుంటు 20.04 వేసిన పీసీ మీద. క్లౌడ్‌లో బిల్డ్‌కి పచ్చ టిక్కు పడుతుంది. ఫ్యాక్టరీలో మాత్రం జీలిబ్‌సీ (ఉబుంటులో ప్రోగ్రాంలు ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.34 దొరకలేదని ఒక్క లైను చూపించి ప్రోగ్రాం ఆగిపోతుంది.

కారణం సులువైనదే. గిట్‌హబ్‌లో ‘ఉబుంటు లేటెస్ట్’ అనే రన్నర్ (బిల్డ్ నడిపే మెషీన్) 2025 మొదట్లో 24.04కి మారింది. అందులో జీలిబ్‌సీ 2.39 ఉంటుంది, 20.04లో ఉన్నది 2.31. పాత జీలిబ్‌సీ మీద కట్టిన ప్రోగ్రాం కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు. 2.34లో ప్రోగ్రాం మొదలయ్యే సింబల్‌కే (లైబ్రరీలోని ఫంక్షన్ పేరుకే) కొత్త వెర్షన్ వచ్చింది కాబట్టి, రెండు లైన్ల హలో వరల్డ్‌ని కొత్త మెషీన్ మీద కట్టినా పాతదాని మీద లేవదు. 20.04 రన్నర్‌ని ఎంచుకుందామంటే గిట్‌హబ్ దాన్ని 2025 ఏప్రిల్‌లో తీసేసింది. అందుకని లైబ్రరీలు ఎంత త్వరగా ఇన్‌స్టాల్ అవుతాయన్నది ఇక్కడ రెండో సంగతి. ప్రోగ్రాం ఎక్కడ నడుస్తుంది, రేపు ఒక లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడితే దాన్ని మార్చాల్సింది ఎవరు అన్నవే ముందు తేలాలి.

అందరూ మొదట పట్టుకునేది ఉబుంటు ప్యాకేజీ ఇన్‌స్టాలర్ ఏపీటీనే: ప్రతి బిల్డ్‌లో ఏపీటీతో లైబ్రరీలు దించుకోవడం. బిల్డ్ అయిన చోటే టెస్టులు నడిపి ఊరుకునే పనికి ఇది చాలు. చిక్కు వెర్షన్ల దగ్గర వస్తుంది. వెర్షన్ రాయకపోతే నిన్నటి బిల్డ్, నేటి బిల్డ్ ఒకటి కావు. పూర్తి వెర్షన్ రాస్తే, ఉబుంటు కొత్త సెక్యూరిటీ అప్‌డేట్ విడుదల చేయగానే పాత అప్‌డేట్ ఇండెక్స్‌లోంచి పోతుంది, కోడ్‌లో అక్షరం మారకుండానే బిల్డ్ విరుగుతుంది. డెబియన్, ఉబుంటు రెండింటికీ తేదీవారీ స్నాప్‌షాట్ సర్వర్లు (ఏ రోజున్న ప్యాకేజీలు ఆ రోజువిగానే దాచేవి) ఉన్నాయి. ఏపీటీ మీదే ఉండాలనుకుంటే వాటికి కట్టేసుకోండి. కంటైనర్ ఇమేజ్‌ని, అంటే ప్రోగ్రాంకి కావాల్సిన సిస్టం ఫైళ్లన్నీ కట్టిన మూటని, ఎలా తయారు చేయాలో రాసే డాకర్‌ఫైల్‌లో ఏపీటీ అప్‌డేట్, ఇన్‌స్టాల్ రెండూ ఒకే రన్ లైనులో ఉండాలి. రన్ లైనుకొక లేయర్ తయారై క్యాష్‌లో నిలుస్తుంది కాబట్టి, విడివిడిగా రాస్తే అప్‌డేట్ లేయర్ క్యాష్‌లో పాతబడి, లేని ఫైళ్ల కోసం వెతికి 404 ఇస్తుంది.

దీనికంటే మేలైనది బిల్డ్ ఇమేజ్. లైబ్రరీలన్నీ వేసిన కంటైనర్ ఇమేజ్‌ని ఒకసారి కట్టి, మన రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే సర్వర్‌లో) పెట్టి, పైప్‌లైన్‌లో (బిల్డ్ దశల వరుసలో) ట్యాగ్ అనే పేరుతో కాకుండా షా256 డైజెస్ట్‌తో (ఇమేజ్‌లోని విషయం నుంచే లెక్కగట్టిన గుర్తుతో) పిలవడం. ట్యాగ్ ఎప్పుడైనా ఇంకో ఇమేజ్ మీదికి జరగొచ్చు, డైజెస్ట్ జరగదు. రిజిస్ట్రీ, బిల్డ్ మెషీన్ ఒకే రీజియన్‌లో ఉంటే ఇమేజ్ త్వరగా దిగుతుంది. ఏడబ్ల్యూఎస్ వాడేవాళ్లకు ముంబై, హైదరాబాద్ రెండూ ఉన్నాయి. డాకర్ హబ్ నుంచి లాగిన్ లేకుండా లాగితే మాత్రం పరిమితి దాటి 429 ఎర్రర్ తగులుతుంది.

ఫ్యాక్టరీ పీసీలో కంటైనర్లు నడిపే డాకర్ వేసుకునే వీలుంటే కథ ఇక్కడే ముగుస్తుంది. ఇమేజ్ తన జీలిబ్‌సీని తానే తెచ్చుకుంటుంది, కింద ఉన్న సిస్టం నుంచి తీసుకునేది కెర్నెల్ ఒక్కటే. లైబ్రరీల లేయర్ కింద, మన ప్రోగ్రాం లేయర్ పైన ఉండేలా డాకర్‌ఫైల్ రాయండి. అప్పుడు ప్రతి అప్‌డేట్‌కూ పై లేయర్ మాత్రమే దిగుతుంది. ఊరి బయట ఫ్యాక్టరీల్లో ఇంటర్నెట్ సంగతి తెలిసిందే కదా! సైజు తగ్గుతుందని ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ ఇమేజ్‌కి పోకండి. అందులో ఉన్నది మజిల్ (musl) అనే ఇంకో సీ లైబ్రరీ, జీలిబ్‌సీ కాదు. ఉబుంటు మీద కట్టిన ప్రోగ్రాంని అందులో పెడితే ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘ఫైలు లేదు’ అంటుంది, నిజానికి దానికి దొరకనిది జీలిబ్‌సీ లోడర్ (ప్రోగ్రాం లైబ్రరీలను మెమరీలోకి తెచ్చేది).

డాకర్ కుదరని చోట, అంటే ఉత్త ఫోల్డర్‌నే కాపీ చేయాల్సిన చోట, చాలా పాత జీలిబ్‌సీ ఉన్న ఇమేజ్‌లో కట్టాలి. పైథాన్ వాళ్ల మెనీలైనక్స్ 2_28 ఇమేజ్ ఇందుకు బాగా పనికొస్తుంది. అది ఆల్మాలైనక్స్ 8 మీద కట్టింది, జీలిబ్‌సీ 2.28, కాబట్టి 20.04 మీద నిక్షేపంగా నడుస్తుంది. పైగా అందులోని జీసీసీ కంపైలర్ టూల్‌సెట్ కొత్తది. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో పాత సిస్టంలో లేని భాగాల్ని మన ప్రోగ్రాంలోకే స్టాటిక్‌గా కలిపేస్తుంది. కొత్త భాష, పాత జీలిబ్‌సీ రెండూ దక్కుతాయి.

ఓపెన్‌సీవీ లాంటివి ఆ ఫోల్డర్‌లోనే పక్కన పెట్టి, లింకర్‌కి రన్‌పాత్‌గా (లైబ్రరీలు వెతకాల్సిన చోటుగా) డాలర్ ఆరిజిన్ (ఈ ఫైలున్న ఫోల్డరే అని అర్థం) ఇవ్వాలి. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. రన్‌పాత్ తాను ఉన్న ఫైలు నేరుగా అడిగే లైబ్రరీలకే వర్తిస్తుంది, ఆ లైబ్రరీలు అడిగే వాటికి వర్తించదు. కాబట్టి పక్కన పెట్టిన ప్రతి ఎస్‌ఓ (షేర్డ్ లైబ్రరీ) ఫైలుకూ ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టుతో విడిగా డాలర్ ఆరిజిన్ రాయాలి. సీమేక్ అనే బిల్డ్ టూల్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బిల్డ్ నాటి పాత్‌ని తీసేస్తుంది, ఇన్‌స్టాల్ ఆర్‌పాత్ వేరుగా పెట్టాలి. మేక్‌ఫైల్‌లో అయితే డాలర్ రెండుసార్లు రాసి, సింగిల్ కోట్స్‌లో ఉంచాలి. జీలిబ్‌సీని మాత్రం పక్కన పెట్టి పంపకండి, సిస్టం లోడర్‌తో పొసగక క్రాష్ అవుతుంది. లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1కి లింకు కొట్టి లిబ్‌ఎస్ఎస్ఎల్ 3 అని పేరు మార్చే ఉపాయమూ పారదు, సింబల్ వెర్షన్ల దగ్గర పట్టుబడుతుంది.

ఇక కోనన్, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల ప్యాకేజీ మేనేజర్. ఇమేజ్‌తో పోటీ పడేది కాదిది, దాని లోపల వాడుకునేది. లాక్‌ఫైల్‌లో ప్రతి లైబ్రరీ వెర్షన్, రెసిపీ (లైబ్రరీని కట్టే స్క్రిప్ట్) రివిజన్ బిగిసి ఉంటాయి, అది గిట్‌లో ఉంటుంది, ఎవరు ఏం మార్చారో కనిపిస్తుంది. నాలుగైదు లైబ్రరీలకు ఇంత ఏర్పాటు అనవసరం. పది దాటి, రెండు మూడు ప్రాజెక్టులు వాటినే పంచుకుంటుంటే తప్పదు. కట్టిన ప్యాకేజీలను సొంత రిమోట్‌లో (ప్యాకేజీ సర్వర్‌లో) దాచుకోకపోతే ఓపెన్‌సీవీని మళ్లీ మళ్లీ సోర్స్ నుంచి కట్టుకుంటూ, గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేటు రిపోలకు నెలకిచ్చే 2,000 నిమిషాలు కరిగిపోతాయి. గిట్‌హబ్ క్యాష్ మీద ఆధారపడితే, 7 రోజులు ఎవరూ ముట్టని క్యాష్‌ని అది తుడిచేస్తుంది.

కోనన్‌లో పెద్ద గుంట ఒకటుంది. ప్యాకేజీ ఐడీని లెక్కగట్టేటప్పుడు అది ఓఎస్, ఆర్కిటెక్చర్, కంపైలర్ వెర్షన్, బిల్డ్ రకం చూస్తుంది. ఏ ఉబుంటు, ఏ జీలిబ్‌సీ అన్నది చూడదు. కంపైలర్ వెర్షన్ ఒకటే అయితే 24.04 మీద కట్టిన ప్యాకేజీని 20.04 బిల్డ్‌కి నిశ్శబ్దంగా అందిస్తుంది, మళ్లీ మొదటికొస్తాం. బేస్ ఇమేజ్‌కొక రిమోట్ పెట్టండి, లేదా సెట్టింగ్స్‌లో డిస్ట్రో పేరు మీరే చేర్చండి.

పూర్తి స్టాటిక్ లింకింగ్‌ని, అంటే లైబ్రరీలన్నీ ప్రోగ్రాంలోకే కలిపేయడాన్ని, ఈ ప్రోగ్రాంకి సూచించను. జీలిబ్‌సీని స్టాటిక్‌గా కలిపినా హోస్ట్‌నేమ్ వెతకడం లాంటి పనులకు నడిచే చోట అదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు అడుగుతుంది. చిన్న కమాండ్‌లైన్ పనిముట్టుకైతే మజిల్‌తో స్టాటిక్ చక్కటి దారి.

ఏ దారి పట్టినా పైప్‌లైన్ చివర రెండు తనిఖీలు ఉండాలి. ఒకటి, బైనరీ ఫైలు లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌తో ప్రోగ్రాం అడిగే జీలిబ్‌సీ వెర్షన్లు తీసి, పెద్దది 2.31 దాటితే బిల్డ్ ఆపేయడం. రెండు, ఏ లైబ్రరీ వేయని ఖాళీ ఉబుంటు 20.04 కంటైనర్‌లో ప్రోగ్రాంని నిజంగా లేపి చూడడం. ప్రోగ్రాంకి కావాల్సిన లైబ్రరీల జాబితా చూపే ఎల్‌డీడీ ఒక్కటే నమ్మొద్దు, నడిచేటప్పుడు డీఎల్‌ఓపెన్‌తో తెరిచే ప్లగిన్లు దానికి కనబడవు. ఈ రెండో తనిఖీలో లైబ్రరీలు వెతికే చోటు మార్చే ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్ సెట్ అయి ఉంటే మాత్రం ఫలితం చెల్లదు, ముందు దాన్ని అన్‌సెట్ చేయాలి.