చిన్న డబ్బా వాజలీన్: నల్లమల నడకకు సరిపోతుందా?

శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లలో చాలామంది సంచిలో పౌడర్ డబ్బా వేసుకుంటారు. వేసుకోవాల్సింది పెట్రోలియం జెల్లీ. ఏ కంపెనీదైనా మన నోటికి వాజలీనే కదా, ఇక్కడా అలాగే అందాం. తొడలు ఒరుసుకుని మంట పుట్టకుండా ఆపడంలో దీనికి ఐదుకు నాలుగు మార్కులు. తగ్గిన మార్కు కడుక్కునేటప్పుడు పెట్టే తిప్పలకి.

పౌడర్ ఇంట్లో ఫ్యాను కింద బాగానే ఉంటుంది. అడవి దారిలో కాసేపటికే చెమటకు తడిసి గజ్జల్లో ముద్ద కడుతుంది, ఆ ముద్దే మళ్లీ చర్మాన్ని గీరుతుంది. కొబ్బరినూనెది ఇంకో తంటా: పాతిక డిగ్రీలకే పల్చబడిపోయే సరుకు, మొదటి ఎక్కుడులోనే కారి పంచెకు పట్టేస్తుంది. వాజలీన్ నీళ్లలో కరగదు. ఒంటి వేడికి మెత్తబడుతుందే తప్ప చెమటతో పాటు కొట్టుకుపోదు.

రాసే పద్ధతి తప్పితే మాత్రం డబ్బా మొత్తం పూసినా లాభం లేదు. చర్మం పొడిగా ఉండాలి. చెమట మీదే రాస్తే తడి లోపలే ఉండిపోయి చర్మం నానుతుంది, నానిన చర్మం ఇంకా తొందరగా చిట్లుతుంది. ఒక్కో తొడ లోపలి వైపుకు కుంకుడు గింజంత, గజ్జలకు అందులో సగం, చంకలకు, పిరుదుల మధ్యకు తలా కాస్త. ఆడవాళ్లయితే బ్రా అంచు కిందా, మొలతాడో లంగా బొందో ఒరిసే చోటా మర్చిపోకూడదు. వేలితో తడిమితే జారాలి. జిడ్డుగా అంటుకుంటోందంటే తక్కువైనట్టే. నడక మొదలయ్యే ముందే రాసుకోవాలి, మంట మొదలయ్యాక కాదు.

మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, పాతదాని మీదే కొత్తది పూస్తారు. ఆరిన చెమటలోని ఉప్పు అందులో చిక్కుకుపోయి ఉంటుంది. వడ్రంగి వాడే ఉప్పుకాయితం పేరు ఎందుకొచ్చిందో గానీ, తొడల మధ్య ఈ ఉప్పు చేసే పని మాత్రం అదే. తడి గుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు రాయాలి. ఒక విడతకు సుమారు నాలుగు గ్రాములు, రెండు రోజులకు ఆరేడు విడతలు. అంటే ముప్పై గ్రాముల లోపే, పెద్ద సీసా మోయడం దండగ. దుమ్ము వేళ్లు డబ్బాలో ముంచకండి, మట్టి చేరితే అదీ గీరుతుంది. మూత తిప్పి నేరుగా రుద్దుకునే కర్ర లాంటి బామ్‌లు ఈ విషయంలో నయం. ఖరీదు మాత్రం ఎక్కువ.

పంచె కట్టినవాళ్లకు తొడకూ తొడకూ మధ్య అడ్డే ఉండదు, కాబట్టి అందరికన్నా అవసరం వాళ్లకే. లోపల మోకాళ్ల దాకా వచ్చే బిగుతు నిక్కరు తొడుక్కుంటే సగం బాధ తీరుతుంది. నూలుది వద్దు, చెమట పీల్చుకుని ఆరదు.

పాదాలకు ఇది పెద్దగా సాయం చేయదు. మొదట జారుడుగా ఉన్నా, కొన్ని గంటలు పోయాక చర్మం మెత్తబడి బొబ్బలకు దారిస్తుంది. మడమ మంటెత్తగానే పేపర్ టేపు అంటించడం, తడిసిన సాక్సు మార్చడం మేలు. వట్టికాళ్లతో నడిచేవాళ్లు అరికాళ్లకు పూసుకుంటే భీముని కొలను మెట్ల మీద జారడం ఖాయం.

గుండ్రటి అంచుతో ఎర్రగా, దురదగా ఉంటే అది ఒరిపిడి కాదు, తామర. దాని మీద వాజలీన్ పూస్తే తడి నిలిచి ఇంకా పాకుతుంది. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టీరాయిడ్ కలిసిన క్రీములు ఇంకా ప్రమాదం: రెండు రోజులు దురద తగ్గినట్టు చేసి తామరను మొండిదాన్ని చేస్తాయి. చర్మం డాక్టరుకు చూపించుకుని బయల్దేరండి. ఒరుసుకుని తోలు లేచిన చోట జింక్ ఆక్సైడ్ క్రీము పట్టించండి.

ఇక ఆ తగ్గిన మార్కు సంగతి. ఉట్టి నీళ్లు పోస్తే వాజలీన్ వదలదు, పైన ముత్యాల్లా జారిపోతాయి. ముందు పొడి గుడ్డతో జిడ్డంతా లాగేసి, తర్వాత అర లీటరు నీళ్లు, కాస్త సబ్బుతో చంకలు, గజ్జలు, చివర పాదాలు. కొలనులో దిగి సబ్బు రాయకండి, వెనక వచ్చేవాళ్లు తాగే నీళ్లవి. సీసాలో పట్టుకుని దూరంగా వెళ్లి కడుక్కోండి. వెట్ వైప్స్ తేలికే గానీ చాలావాటిలో ప్లాస్టిక్ ఉంటుంది, పులుల అడవిలో పారేయడానికి లేదు, వాడినవన్నీ తిరిగి మోసుకురావాలి. రాత్రి పడుకునేటప్పుడు ఏమీ రాయకుండా వదులు లుంగీయో నైటీయో కట్టుకుని ఒంటికి గాలి తగలనివ్వండి. పంచెకు పట్టిన జిడ్డు మరకలకు ఇంటికొచ్చాక వేడినీళ్లు, సర్ఫు తప్పవు. అవి రెండు ఉతుకులకు గానీ పోవు.