గమకం పలికే సింథ్: మూడేళ్లుగా నా కాలి కింద ఉన్న బాస్ ఎస్‌వై-1

తిరుపతిలో పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు వాయించే చిన్న ట్రూప్ మాది. ఒక గిటార్, ఒక బేస్ గిటార్, రిథమ్ ప్యాడ్, ఇద్దరు గాయకులు. మూడేళ్ల కిందటి వరకు కీబోర్డు కూడా ఉండేది. వాయించే అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం రావడంతో వెళ్లిపోయాడు. ముహూర్తాల రోజుల్లో మా ఊళ్లో ఇంకో కీబోర్డు ప్లేయర్‌ను పట్టుకోవడం ఎంత కష్టమో ట్రూప్ నడిపేవాళ్లకు తెలుసు. చేయి బాగున్నవాళ్లంతా ముందే బుక్ అయిపోయి ఉంటారు, లేదంటే చెన్నైలో ఉంటారు. ఆ లోటు తీరుతుందని రెండు నెలల ఫంక్షన్ల డబ్బులు పోసి బాస్ కంపెనీ ఎస్‌వై-1 పెడల్ కొన్నాను. పెడల్ అంటే కాలితో నొక్కి వాడే, గిటార్ మోతను మార్చే పెట్టె. లోటు పూర్తిగా తీరలేదు. కానీ కీబోర్డు మీద అంత సులువుగా దొరకనిది ఒకటి ఇందులో దొరికింది.

ముందు వస్తువు సంగతి. ఎస్‌వై-1 2020లో వచ్చింది. అరచేతిలో పట్టే మామూలు బాస్ పెడల్ సైజే. గిటార్ కేబుల్ తెచ్చి ఇందులో పెడితే చాలు, తీగల మోత లోపల సింథసైజర్ (సింథ్, కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) గొంతుగా మారి బయటికొస్తుంది. గొంతులు 11 రకాలు: రెండు లీడ్‌లు (పాట వరస పలికే గొంతులు), ప్యాడ్ (వెనక నిండుగా సాగే మోత), బేస్, స్ట్రింగ్స్, ఆర్గన్, బెల్, రెండు ఎఫెక్టుల రకాలు, రెండు సీక్వెన్స్ రకాలు. ఒక్కో రకంలో మళ్లీ 11 తేడాలు. మొత్తం 121. కార్డు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి వాయించినా పలుకుతుంది, ఒక్కో స్వరమే వాయించాలన్న నియమం లేదు.

పాతకాలంలో గిటార్‌తో సింథ్ పలికించాలంటే గిటారే వేరుగా ఉండాలి. 1977లో రోలండ్ తెచ్చిన జీఆర్-500 అట్లాంటిదే, దానికి దాని గిటారే కావాలి. తర్వాత మామూలు గిటార్‌కే బిగించే ప్రత్యేక పికప్‌లు వచ్చాయి. పికప్ అంటే తీగల ఊపును కరెంటు సిగ్నల్‌గా పట్టే ముక్క. ఒక్కో తీగ మోతను విడివిడిగా తీసుకుని, 13 పిన్నుల కేబుల్‌తో పంపేవి. ఈ ప్రత్యేక పికప్ అవసరం లేకుండా బాస్ 2015లో ఎస్‌వై-300 తెచ్చింది. దాని దారిలోనే ఈ చిన్న పెట్టె. హంబకర్ రకం పికప్‌లున్న నా పాత గిటార్‌కు స్క్రూ కూడా విప్పకుండా సింథ్ వచ్చిందంటే అందుకే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే వాయించే చేతికి తేడా తెలిసేది అక్కడే. వాయించిన స్వరాన్ని ముందు కనిపెట్టి, దాన్ని మిడి నోటుగా (ఏ స్వరం మోగించాలో చెప్పే డిజిటల్ సంకేతంగా) మార్చి, ఆ నోటుతో సింథ్‌ను మోగించడం ఒక పద్ధతి. స్వరం ఏదో తెలియాలంటే తీగ కనీసం ఒక్కసారైనా పూర్తిగా ఊగి రావాలి కదా. గిటార్ లావు తీగ సెకనుకు 82 సార్లు ఊగుతుంది. అంటే ఒక్క ఊపుకు 12 మిల్లీసెకన్లు. బేస్ గిటార్ లావు తీగ 41 సార్లే, అంటే 24 మిల్లీసెకన్లు. లెక్క తేలడానికి పట్టే సమయం దాని మీద అదనం. దండకం లాంటి వేగం పాటలో వేలికీ చెవికీ మధ్య ఈ ఎడం పడిందంటే చేయి తడబడుతుంది. ఎస్‌వై-1 ఆ మిడి దారిలో పోదు. తీగ నుంచి వచ్చిన సిగ్నల్‌నే నేరుగా పట్టుకుని సింథ్ గొంతుగా మలుస్తుంది. అందుకే వేలు పడిన వెంటనే పలుకుతుంది.

నాకు దొరికిందన్నది కూడా ఈ పద్ధతి వల్లే. స్వరాన్ని మెట్ల మీద నిలబెట్టదు కాబట్టి తీగ లాగితే సింథ్ గొంతు కూడా లాగబడుతుంది. జారు వేస్తే జారుతుంది. తోడి రాగంలో గాంధారం ఒక్కచోట నిలబడకూడదు, ఊగుతూనే ఉండాలి. కీబోర్డు మీద ఆ ఊపు తేవాలంటే ఎడమచేత్తో పిచ్ వీల్ (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చక్రం) తిప్పాలి. ఎంత నేర్పున్నవాళ్లకైనా అది రెండు చేతులు చేసే ఒక పని. గిటార్ మీద అది వేలి కింద ఉంటుంది. మూడో తీగ మీద వేలు పెట్టి పక్కకు అరంగుళం తోస్తే చాలు, లీడ్ గొంతు ఆ అరంగుళమంతా పలుకుతుంది. వేలు వణికితే వణుకు పలుకుతుంది. నెమ్మదిగా వదిలితే నెమ్మదిగానే దిగుతుంది.

ఇది నాకు నేనుగా కనిపెట్టింది కాదు. తిరుచానూరు దగ్గర ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్. మేళం వాళ్లు వాయించడం అయిపోయి పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు. మేము భక్తి పాటతో మొదలుపెట్టాం. పాటకు ముందు నేను లీడ్ గొంతు పెట్టి కాస్త ఆలాపనగా వాయించాను. కీబోర్డు లేదు కదా, ఏదో ఒకటి వినిపించాలని వాయించిందే. పాటల మధ్య ఖాళీలో నాదస్వరం వాయించే పెద్దాయన స్టేజి దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏం నాయనా, ఇందాక ఆ జారు ఎట్లా పలికించినావు? కీబోర్డులో అది రాదే," అన్నారు.

"కీబోర్డు కాదయ్యా, గిటారే," అని పెడల్ చూపించాను.

ఆయన వంగి చూశారు. "మళ్లా ఒకసారి వాయించు," అన్నారు. వాయించాను. ఆయన చూపు పెట్టె మీద లేదు, నా ఎడమచేతి వేళ్ల మీద ఉంది. "రిషభం మీద ఇంకొంచెం ఆగు. తొందరపడతా ఉండావు," అని చెప్పి వెళ్లి కూర్చున్నారు.

ఆ రోజు నుంచి నేను వాయించే తీరు మారింది. అంతవరకు ఈ పెడల్‌ను కీబోర్డుకు బదులు అనుకుని నాలుగేసి స్వరాల కార్డులు నొక్కేవాడిని. ఇప్పుడు గొంతు ఒకటి దొరికింది అనుకుని వాయిస్తాను. స్వరాలు తగ్గాయి, ఒక్కో స్వరానికి పట్టే సమయం పెరిగింది.

అయితే ఈ పెట్టె దగ్గర శుభ్రంగా వాయించక తప్పదు. మామూలు గిటార్ మోతలో దాగిపోయే తప్పులన్నీ ఇందులో బయటపడతాయి. లావు తీగ మీద వేలు ఎత్తేటప్పుడు వచ్చే సన్నని కీచు ఉంటుంది చూడండి, స్ట్రింగ్స్ గొంతులో అది కూడా ఒక స్వరంలా లేస్తుంది. వాయించని తీగ పక్క తీగ మోతకు తనంతట తాను మోగినా అంతే. అందుకని కుడి అరచేతి అంచును తీగల మీద ఆనించి ఉంచడం, వేలు ఎత్తాక కూడా తీగను తాకి మోత ఆపడం మొదటి ఆరు నెలలు పనిగట్టుకుని నేర్చుకున్నాను. తీగలు పాతబడితే శ్రుతి తేలిపోయి గొంతు కూడా తేలిపోతుంది. ఎండాకాలం స్టేజి మీద చెమటకు మా ఊళ్లో తీగలు తొందరగా పోతాయి. ముహూర్తాలున్న నెలలో రెండుసార్లు మారుస్తాను.

పికప్ మెడ దగ్గరిది వాడండి. వంతెన (కింద తీగలు ఆనే చోటు) దగ్గరి పికప్‌లో మీటు దెబ్బ ఎక్కువ, గొంతు పదునెక్కి గీరుకుంటుంది. పెడల్‌ను అన్నిటికంటే ముందు పెట్టండి, గిటార్ నుంచి నేరుగా. డిలే, రివర్బ్ లాంటి ప్రతిధ్వని పెడళ్లు దాని తర్వాత. ఓవర్‌డ్రైవ్ (మోతను గరుకుగా చేసే పెడల్) ముందు పెడితే తీగల మోతలు కలిసిపోయి కార్డు గందరగోళం అవుతుంది. గిటార్ సొంత మోతకు మాత్రమే ఆ డ్రైవ్ కావాలంటే, దాన్ని బయటి పెడల్‌కు పంపి వెనక్కి తెచ్చుకునే సెండ్, రిటర్న్ జాక్‌లున్నాయి. సింథ్ గొంతు వేరుగా, శుభ్రంగా ఉంటుంది.

ఒక నాబ్‌లోనే రెండు ఉన్నాయి: లోపలిది, దాని చుట్టూ ఉంగరంలాంటిది. ఒకటి సింథ్ మోత, రెండోది గిటార్ సొంత మోత. కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది గిటార్ మోతను సున్నాకు దించేస్తారు, సింథ్ ఒక్కటే వినాలని. నేనూ అదే చేశాను. మండపం హాల్లో అది నిలబడదు. మీటు దెబ్బ లేకపోతే తాళం ఎక్కడుందో వినేవాళ్లకు తెలియదు, పాడేవాళ్లకు అసలే తెలియదు. గిటార్ మోత సగానికి పైన, సింథ్ దానికంటే కాస్త తక్కువ. గిటార్ వెనక వయొలిన్లు కూర్చున్నట్టు ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా వింటే తక్కువ అనిపిస్తుంది, హాల్లో సరిగ్గా సరిపోతుంది.

నేను ఎక్కువగా వాడేవి ప్యాడ్, స్ట్రింగ్స్, ఆర్గన్, ఒక లీడ్. చర్చి కార్యక్రమాలకు పిలిస్తే ఆర్గన్ ఒక్కటే చాలు, సాయంత్రమంతా గడిచిపోతుంది. బెల్ గొంతు జోలపాటల్లాంటి వాటికి తీయగా ఉంటుంది. సీక్వెన్స్ రకాలు సొంతంగా ఇంట్లో వాయించుకునేవాళ్లకు. ఆ మోత తన వేగంతో తను నడుస్తుంది. నాబ్‌తో వేగం కుదుర్చుకోవచ్చు. కానీ పాట మధ్యలో ఊపు వచ్చి రిథమ్ ప్యాడ్ వాయించే తమ్ముడు కాస్త ముందుకు జరిగాడంటే దాన్ని జరపలేం. మా పాటలు జరుగుతూనే ఉంటాయి. ఎఫెక్టుల రకాలకు మా కార్యక్రమాల్లో చోటు లేదు.

బేస్ గిటార్ సంగతి. పెడల్ మీద గిటార్, బేస్ మార్చే స్విచ్ ఉంది. మా బేస్ గిటార్ వాయించేది నా బావమరిది. ఒక నెల వాడి దగ్గర పెట్టాను. "బావా, ఇది ఇంక ఇవ్వను," అన్నాడు మొదటివారంలోనే. పాత సినిమా పాటల్లో సింథ్ బేస్ ఉన్నచోట్ల గుండెలో కొట్టినట్టు వస్తుంది. పైన చెప్పిన లెక్క ఇక్కడ గుర్తుంచుకోవాలి: లావు తీగ అడుగు స్వరాలు నెమ్మదిగా ఊగుతాయి. ఎంత తొందరగా పనిచేసే పెడలైనా తీగ ఊగకముందే దాని స్వరం తేలదు. వాడు చేసిన ఉపాయం తేలికైనది. అవే స్వరాలను అడుగు తీగ మీద కాకుండా ఒక స్థాయి పైన వాయించాడు, బరువంతా లోపలి బేస్ గొంతుతో తెచ్చాడు. సొంత మోత కూడా కలిపి ఉంచితే తాళం గట్టిగా పడుతుంది. చివరికి నెల తర్వాత తెచ్చేసుకున్నాను, వాడికి ఇంకా కోపమే.

కరెంటు విషయంలో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. పెడళ్లన్నిటికీ కలిపి ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా వైరు ఇచ్చే చవకరకం ఒకటి మా ఊళ్లో ఒక దుకాణంలో కొన్నాను. సౌండ్ చెక్‌లో బాగానే ఉంది. జనరేటర్ మీదికి మారగానే సన్నగా ఈల లాంటి రొద మొదలైంది. సింథ్ ఆన్ చేస్తే ఇంకా పెరిగింది. పెళ్లికూతురు అన్నయ్య రెండుసార్లు వచ్చి అడిగాడు. ఆ టెన్షన్‌లో కేబుళ్లన్నీ మార్చాను, గిటార్ మార్చాను, పోలేదు. కారణం తర్వాత తెలిసింది. ఇట్లాంటి డిజిటల్ పెడళ్లు ఒకే వైరు మీద మిగతావాటితో ఉంటే ఒకదాని రొద ఇంకోదానిలోకి వెళ్తుంది. ఒక్కో పెడల్‌కు విడిగా కరెంటు ఇచ్చే సప్లై కొన్నాను, మళ్లీ ఆ మాట రాలేదు. 9 వోల్టుల బ్యాటరీ కూడా పడుతుంది. కొత్త బ్యాటరీతో ఒక రిసెప్షన్ గడుపుతాను, రెండోదానికి నమ్మను. సంచిలో ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ఇందులో మెమరీ లేదు. నాబ్‌లు ఎక్కడుంటే అదే శబ్దం. పాటకు పాటకు మధ్య వంగి రెండు నాబ్‌లు తిప్పాలి, స్టేజి మీద వెలుతురు తక్కువైతే కష్టమే. నాకు నాలుగు గొంతులే కావాలి కాబట్టి నాబ్ చుట్టూ తెల్ల పెన్నుతో చుక్కలు పెట్టుకున్నాను, పాటల వరసను కూడా గొంతుల వరసను బట్టి రాసుకుంటాను. పాటకో శబ్దం మార్చేవాళ్లు బాస్ వాళ్లదే ఎస్‌వై-200 చూడండి. 171 శబ్దాలు, దాచుకోవడానికి 128 మెమరీలు. నాకు మాత్రం నాబ్ చాలు. పాట మధ్యలో తోచినట్టు తిప్పుకోవచ్చు.

మూడేళ్లలో పెడల్ మూడుసార్లు కింద పడింది, ఒకసారి దాని మీద మజ్జిగ ఒలికింది. రంగు అంచుల దగ్గర పోయింది తప్ప నాబ్‌లు, స్విచ్ మొదటి రోజులాగే ఉన్నాయి.

ఆ స్విచ్‌లో ఇంకో పని ఉంది. వదలకుండా నొక్కి పట్టుకుంటే అప్పుడు మోగుతున్న సింథ్ స్వరం అట్లాగే నిలిచిపోతుంది, దాని మీద మామూలు గిటార్ వాయించుకోవచ్చు. తెల్లవారుజామున సాధనకు నాకిదే తంబురా. మా గాయని శ్రుతి అయిదు (జి), గాయకుడిది ఒకటిన్నర (సి షార్ప్). స్ట్రింగ్స్ గొంతులో షడ్జమం, పంచమం రెండే స్వరాలు మీటి, కాలు ఆనించి, ఆ మోత మీద ఆలాపన వాయిస్తాను. టోన్ నాబ్ బాగా దించుకోవాలి, లేకపోతే చెవికి గుచ్చుకుంటుంది.

పోయిన మాఘమాసంలో అదే పెద్దాయన మేళం, మా ట్రూప్ మళ్లీ ఒకే పెళ్లిలో కలిశాం. వాళ్ల శ్రుతిపెట్టె వైరు ఊడిపోయింది. ఆయన నా వైపు తిరిగి, "నాయనా, రెండున్నర పెట్టు," అన్నారు. రెండున్నర అంటే మా లెక్కలో డి షార్ప్. డి షార్ప్, దాని పంచమం ఏ షార్ప్ మీటి స్విచ్ మీద కాలు పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని ఒక క్షణం విన్నారు. "కొంచెం తగ్గించు," అన్నారు. సింథ్ నాబ్ తగ్గించాను. ఇంకొంచెం తగ్గించమన్నారు. ఉందా లేదా అన్నంత సన్నగా అయ్యాక తల ఊపి నాదస్వరం ఎత్తారు. పదిహేను నిమిషాలు కాలు తీయలేదు.