కారు బాగుంది, బిల్లే బాలేదు

పోయిన నెల కొత్త కారు తీసుకున్నాం. షోరూమ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే కొన్న తర్వాత తెలిసినవాళ్లకి చెబితే సగం మంది తమకీ ఇలాగే జరిగిందన్నారు.

టెస్ట్ డ్రైవ్ నుంచి బుకింగ్ దాకా ఏ లోటూ లేదు. సేల్స్ అబ్బాయి ఓపిగ్గా రెండు మోడళ్లూ చూపించాడు, నాన్న అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోకుండా చెప్పాడు. ఆ అబ్బాయికి ఐదు స్టార్లు ఇస్తాను.

డెలివరీకి రెండు రోజుల ముందు ఫైనల్ బిల్లు పంపారు, మొత్తం కొటేషన్ కంటే బాగా ఎక్కువుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే హ్యాండ్లింగ్ ఛార్జీ, డాక్యుమెంటేషన్ ఫీజు, యాక్సెసరీస్ ప్యాకేజీ, పెయింట్ ప్రొటెక్షన్, టైర్లలో నైట్రోజన్ అని ఐదు లైన్లు కొత్తగా వచ్చి చేరాయి. పన్నులు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఎలాగూ కట్టాల్సినవే, వాటితో నాకు పేచీ లేదు. కానీ ఈ ఐదింటినీ ఆ పన్నుల మధ్యలోనే, అదే అచ్చులో కలిపేశారు, చూసినవాళ్లు ఇవీ ప్రభుత్వానికి కట్టేవే అనుకుంటారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే.

హ్యాండ్లింగ్ అంటే ఏంటని సేల్స్ అబ్బాయిని అడిగితే "యార్డు నుంచి బండి తెచ్చి, కడిగి, చెక్ చేసి ఇస్తాం కదా సార్" అన్నాడు. అమ్మిన బండిని సరిగ్గా చూసి కొన్నవాడి చేతికివ్వడం డీలర్ పనే కదా, దానికి వాళ్ల మార్జిన్ ఉండనే ఉంది. ఇక నైట్రోజన్. మనం పీల్చే గాలిలోనే 78 శాతం అదే ఉంటుంది. విమానం టైర్లకి అది కావాలి, నిజమే, రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి నెలకోసారి ప్రెషర్ చూసుకుంటే సరిపోతుంది. యార్డుకి వెళ్లి వంగి చూశాను, నాలుగు వాల్వులకీ ఆకుపచ్చ క్యాపులు పెట్టి ఉన్నాయి, నాకు కనబడిన తేడా అంతే. పెయింట్ ప్రొటెక్షన్ ఎప్పుడు చేశారంటే "డెలివరీ రోజు చేస్తాం సార్" అన్నారు, అంటే చేయని పనికి ముందే బిల్లు వేశారు. రంగు మీద క్లియర్ కోట్ ఫ్యాక్టరీలోనే వేస్తారు, ఆపైన కోటింగ్ కావాలనుకుంటే తర్వాత మనకు నచ్చిన చోట వేయించుకోవచ్చు.

మేనేజర్ దగ్గరికి వెళ్తే "ఇది మా పాలసీ సార్, అందరూ కడుతున్నారు" అన్నాడు. సరే, ఈ ఐదూ తప్పనిసరి అని లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టివ్వండి అన్నాను. లోపలికి వెళ్లి పది నిమిషాల తర్వాత వచ్చి, కూర్చోకుండానే, నీలం పెన్నుతో హ్యాండ్లింగ్, పెయింట్, నైట్రోజన్ లైన్లు కొట్టేసి పక్కన పొట్టి సంతకాలు పెట్టాడు. అడగకపోతే ఆ మూడూ మా జేబులోంచే పోయేవి.

ఈలోగా సేల్స్ అబ్బాయి నాన్నతో "ఈఎంఐలో కలిపేస్తే నెలకి పెద్దగా తెలీదండీ" అన్నాడు, నాన్న కూడా "పోనీలేరా, బండి ఇంటికొస్తే చాలు" అనేశారు. ఈ మాట దగ్గరే చాలామంది మెత్తబడిపోతారు. 60 నెలల లోన్‌లో కలిపితే యాక్సెసరీస్ ప్యాకేజీలోని మ్యాట్లకీ మడ్ ఫ్లాపులకీ కూడా ఐదేళ్లు వడ్డీ కడుతూనే ఉండాలి. దయచేసి నెలకి ఎంతని కాకుండా మొత్తం ఎంతో అడగండి, అదీ అడ్వాన్స్ కట్టకముందే, ప్రతి లైనూ రాసిన కాగితం మీద. అడ్వాన్స్ కట్టాక మన మాటకి అంత బలం ఉండదు, నేను ఆలస్యంగా అడిగినందుకే రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

యాక్సెసరీస్‌లో అప్పటికే బిగించినవాటికి కట్టాం, మిగతావి తీసేశారు. డాక్యుమెంటేషన్ ఫీజుకి కొన్నిచోట్ల చట్టమే పరిమితి పెట్టింది, కాబట్టి మీ దగ్గర రూలేంటో ముందే కనుక్కోండి.

కారుకి నాలుగు స్టార్లు, షోరూమ్‌కి రెండే. మేము కట్టిన ఆ డాక్యుమెంటేషన్ ఫీజుకి విడిగా రసీదు అడిగితే, మూడుసార్లు ఫోన్ చేశాక వాట్సాప్‌లో ఒక మసక ఫొటో పంపారు, అందులో అంకె కూడా సరిగ్గా కనబడట్లేదు.