ఫ్యాటీ లివర్‌లో గ్రేడ్ చూడాలా, ఫిబ్-4 లెక్క చూడాలా?

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ స్కానింగ్ కాగితం చేతికొచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఇదే: "గ్రేడ్ 1 అన్నారు, అయితే భయం లేనట్టే కదా?" నలభై ఏళ్ల మగమనిషికీ అరవై ఏళ్ల ఆడమనిషికీ ఒకే జవాబు చెప్పలేం.

గ్రేడ్ చెప్పేది కాలేయానికి కొవ్వు ఎంత పట్టిందన్నది మాత్రమే. ఆయుష్షుకు ఎసరు పెట్టేది కాలేయం గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్. మామూలు స్కానింగ్‌లో అది మొదట్లో కనబడదు. గ్రేడ్ 3 ఉన్నా ఫైబ్రోసిస్ లేకపోవచ్చు, గ్రేడ్ 1లోనే ముదిరి ఉండొచ్చు.

నెలసరి వస్తున్నన్నాళ్లు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఆడవాళ్ల కాలేయాన్ని కొంత కాపాడుతుంది. అందుకే ఆ వయసులో ఈ జబ్బు మగవాళ్లకే ఎక్కువ. ముట్లు ఆగాక ఆ కాపు పోతుంది. ఫ్యాటీ లివర్ ఉన్న ఆడవాళ్లలో 50 దాటాక ఫైబ్రోసిస్ ముప్పు మగవాళ్లకు తీసిపోదు, మించనూ వచ్చు. మన వైపు నలభై లోపే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఈ ముప్పు ఇంకా ముందే మొదలవుతుంది.

అందుకే నా మొగ్గు ఫిబ్-4 వైపు. రక్తపరీక్ష అంకెలతో ఫైబ్రోసిస్ ముప్పును అంచనా వేసే లెక్క ఇది. ఇందులో వయసు కూడా లెక్కలోకి వస్తుంది, కొత్త పరీక్ష అక్కర్లేదు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే రక్తపరీక్షలో చూసే కాలేయ ఎంజైములు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో రాసి (2 లక్షలైతే 200) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

ఎస్‌జీఓటీ 30, ఎస్‌జీపీటీ 25, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. నలభై ఏళ్లకు 1.2 వస్తుంది, అరవైకి 1.8. ఎంజైములు రెండూ నార్మలే, అయినా అరవై ఏళ్ల ఆమెకు తర్వాతి పరీక్ష కావాలి. 1.3 లోపైతే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే కాలేయ నిపుణులను కలవాలి. 65 దాటినవాళ్లకు 1.3 బదులు 2.0 చూడాలి, లేకుంటే ఊరికే కంగారు. 35 లోపువాళ్లకు ఈ లెక్క నమ్మదగింది కాదు. డెంగీ జ్వరంలో తీసిన రిపోర్టుతో అసలు వేయొద్దు: ప్లేట్‌లెట్లు పడిపోయి, ఎస్‌జీఓటీ పెరిగి అంకె ఉత్తపుణ్యానికి ఎగబాకుతుంది. పూర్తిగా కోలుకున్నాక మళ్లీ రక్తపరీక్ష చేయించండి.

1.3కీ 2.67కీ మధ్య వస్తే ఫైబ్రోస్కాన్, అంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్. కనీసం 3 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. టిఫిన్ చేసి వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. 8 కిలోపాస్కల్స్ లోపుంటే ఊరట. బయాప్సీ (సూదితో కాలేయం ముక్క తీసి చూడటం) కొద్దిమందికే, డాక్టరు చెబితేనే.

కాలేయం సంగతి తేలినా గుండెను మరవకూడదు. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది పోయేది గుండెజబ్బుతోనే. ఫిబ్-4 ఎంత తక్కువ వచ్చినా బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. బరువు ఎక్కువున్నవాళ్లు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో వాపు తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది దాదాపు 6 నుంచి 8 కిలోలు.