తెలుగు లిపిలో రాసుకుని ఇటాలియన్‌లో ప్రసంగించడం: రెండున్నరేళ్ళ వాడుక తరువాత

ఇటలీలోని తొరీనో నగరంలో మాస్టర్స్ చదవడానికి వచ్చిన నాకు పాఠాలు ఇంగ్లీషులోనే సాగినా, ఇంటర్న్‌షిప్ చేసిన సంస్థలో నెలకొకసారి పని ఎంతవరకు వచ్చిందో ఇటాలియన్‌లో పదిహేను నిమిషాల పాటు వివరించవలసి వచ్చేది. అప్పటికి నా భాష బీ1, అంటే మధ్యస్థ స్థాయిలో ఉంది. అంగడిలోనూ బస్సులోనూ ఇబ్బంది ఉండేది కాదు. అయినా నా మొదటి ప్రసంగం కంగారులో తొమ్మిది నిమిషాలకే ముగిసింది, అందులోనూ వింటున్నవారు మూడుసార్లు ఆపి మళ్ళీ చెప్పమన్నారు. ఆనాటి నుంచి మూడు పద్ధతులను విడవకుండా వాడుతున్నాను: ఇటాలియన్ ప్రసంగాన్ని తెలుగు లిపిలో రాసుకోవడం, నా గొంతును ఫోన్‌లో రికార్డు చేసి వినడం, నేను ఇటాలియన్‌లో పలికినదాన్ని ఫోన్ చేత అక్షరాలుగా రాయించడం.

వీటిలో నాకు అన్నిటికంటే మేలు చేసింది తెలుగు లిపి. మాటలు అచ్చులతో ముగుస్తాయి కనుక మన భాషను ఇటాలియన్‌తో పోల్చడం చిన్ననాటి నుంచీ వింటున్నదే. నాకు అక్కరకు వచ్చినవి మాత్రం దంత్యాలు, ద్విత్వాలు. ఇంగ్లీషు అలవాటు వల్ల నేను తుత్తి (అందరూ) అనే మాటను టుట్టి అని పలికేవాణ్ణి; ఇటాలియన్ త, ద లు నాలుకను పళ్ళకు ఆనించి పలికేవే, అంటే మన త, ద ల వంటివే. ఇక ద్విత్వం అర్థాన్నే మార్చేస్తుంది: సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు, కోప్య అంటే నకలు, కొప్ప్య అంటే జంట, మా ఇంజనీర్ల నోట టార్క్, అంటే తిప్పే బలం. అక్క, అమ్మ అంటూ పెరిగిన నోటికి ఇది కష్టమే కాదు. ఒత్తు కంటికి కనబడితే చాలు, నోరు దానంతట అదే ఆ హల్లు మీద నిలుస్తుంది.

ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, దాని సంగతి వేరు. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు కనుక మన చెవి దాన్ని పట్టించుకోదు. ఇటాలియన్‌లో ఎక్కువ మాటలకు చివరి నుంచి రెండవ అక్షరంపై ఊనిక పడుతుంది. కాని మేతొదొ, గ్రాఫికొ, నూమెరొ, అనాలిజి వంటి, ఏ ప్రసంగంలోనైనా తప్పక వచ్చే మాటల్లో అది చివరి నుంచి మూడవ అక్షరానికి జరుగుతుంది, మామూలు రాతలో దానికి గుర్తేమీ ఉండదు. ఆ అచ్చుకు దీర్ఘం ఇచ్చి రాసుకోవడంతో ఈ చిక్కు చాలావరకు తీరింది. హల్లుతో మూసుకున్న అక్షరాలకు దీర్ఘం నప్పదు కనుక వాటి కింద గీత గీస్తాను. మా పనిలో రోజూ వాడే తెలెరిస్కల్దమెంతొ, అంటే ఒకచోట కాచిన నీటిని గొట్టాల ద్వారా నగరంలోని ఇళ్ళకు పంపే ఏర్పాటు, అటువంటి మాటే.

ఈ పద్ధతికి లోపాలున్నాయి. కుటుంబం అనే అర్థమున్న మాటను ఫమీల్య అని రాసుకుంటే ఆ చివరి ధ్వని సరిగా రాదు. నాలుక నడిమి భాగాన్ని అంగిలికి అదిమి పలికే ఆ హల్లుకు మన లిపిలో అక్షరం లేదు, దాన్ని విని నేర్చుకోవలసిందే. అంతకంటే పెద్ద లోపం, ఎనిమిది నెలలు గడిచినా తెలుగు కాగితం లేకుండా తెర మీది ఇటాలియన్ వాక్యాన్ని ధైర్యంగా చదవలేకపోయాను. అందుకని అలవాటైన మాటలను ఒక్కొక్కటిగా కాగితం నుంచి తీసివేస్తూ వచ్చాను. ఆ పని మొదటి నెల నుంచే చేయవలసింది.

రికార్డింగు నా చెవికి తెలియని రెండు తప్పులను పట్టి ఇచ్చింది. పెర్, కొన్, నొన్ వంటి హలంతాల చివర నేను ఉకారం చేరుస్తున్నాను, బస్సు, కారు అన్నట్టుగా. రెండవది సంధి: తరువాతి మాట అచ్చుతో మొదలైతే ముందు మాట చివరి అచ్చును మింగేస్తున్నాను. నువోవొ ఇంప్యాంతొ అంటే కొత్త ప్లాంటు, నువోవి ఇంప్యాంతి అంటే కొత్త ప్లాంట్లు; ఏకవచన బహువచనాలు రెండు మాటల చివరి అచ్చుల్లోనూ ఉన్నాయి కనుక మొదటిదాన్ని మింగితే వినేవారికి సగం సమాచారం అందదు.

ఫోన్ రాసే అక్షరాలను మాత్రం పూర్తిగా నమ్మకూడదు. నిండు వాక్యం పలికితే అది సందర్భాన్ని బట్టి ఊహించి, సేతె అన్నా సెత్తె అనే రాసి నా తప్పును కప్పిపుచ్చేది. విడి మాటలతో పరీక్షించినప్పుడే అది పనికివచ్చింది. ఆగవలసిన చోట ఆగామా, వేగం సరిపోయిందా అన్నది దానితో తేలదు.

ఇటలీ విశ్వవిద్యాలయాల్లో మౌఖిక పరీక్షలు చాలా ఎక్కువ. 30 మార్కులకు 18 వస్తే ఉత్తీర్ణత. అలా నోటితో జవాబు చెప్పి పెరిగిన శ్రోతలు తెర మీది ముక్కలు చదవడాన్ని ప్రసంగంగా లెక్కించరని నా అనుభవం. అందువల్ల వాక్యాలను కలిపే మాటలు, అంటే ఇన్నన్‌త్సితుత్తొ (అన్నిటికంటే ముందు), క్వీంది (కాబట్టి), పస్స్యామొ ఓర అ (ఇప్పుడు ఫలానా విషయానికి వెళ్దాం) వంటివి, నోటికి వచ్చేదాకా సాధన చేశాను. ప్రశ్న అడిగినప్పుడు, సె ఒ కపీతొ బేనె, అంటే నాకు సరిగా అర్థమైతే, అని మొదలుపెట్టి ఆ ప్రశ్నను తిరిగి చెప్పడం వల్ల అపార్థాలు తగ్గాయి, ఆలోచించుకునే వ్యవధి కూడా దొరికింది.

ఇప్పుడు వేదిక వద్దకు ఒకే ఒక్క తెలుగు కాగితం తీసుకువెళ్తున్నాను. అందులో అంకెలే ఉంటాయి. మిల్యోనె అంటే 10 లక్షలు, మిల్యార్దొ అంటే 100 కోట్లు. లక్షల్లో ఆలోచించే బుర్ర నిలబడి మాట్లాడుతూ ఆ లెక్క మార్చలేదు. 2.5 ను వారు 2,5 అని రాసి దూయె వీర్గొల చింక్వె అని చదువుతారు. 60 కి సెస్సంత, 70 కి సెత్తంత. వినడానికి దగ్గరగా ఉండే ఈ రెండింటినీ ఎర్ర సిరాతో రాసుకుంటాను.